చేతిలో వీడియో గేమ్: లాభమెంత, నష్టమెంత?



ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళల్లో ఒక సందడి. పట్నంలో చదివే మనవళ్ళు, మనవరాళ్ళు అవ్వతాతల దగ్గరికి వస్తారు. మామిడికాయలు, బావిలో ఈతలు, రాత్రిపూట మిద్దెమీద పడకలు, కతలు. ఈ సందడిలోకి కొంతకాలంగా ఒక కొత్త చుట్టం వచ్చి చేరింది. ఆ చుట్టం పేరు వీడియో గేమ్. టీవీకి తగిలించి ఆడేది కాదు, జేబులోనో సంచిలోనో పెట్టుకొని ఎక్కడంటే అక్కడ ఆడుకునే చేతి వీడియో గేమ్. దాన్ని పిల్లలకు కొనివ్వవచ్చునా? కొంటే కలిగే మేలేమిటి, కీడేమిటి? ఈ విషయం గురించి ఈ రోజు మీతో నాలుగు మాటలు ముచ్చటించాలని నా కోరిక.

మాది హొసూరు పక్కన ఒక పల్లె. వీధిలోకి వెళితే తమిళం, బస్సెక్కి గంట ప్రయాణం చేస్తే కన్నడం, ఇంట్లో తెలుగు. బళ్ళారిలో, కోలారులో, షోలాపూరులో, బరంపురంలో, రాయగడలో ఈ ప్రసంగం వింటున్న మీలో చాలామంది ఇళ్ళ సంగతి కూడా ఇంచుమించు ఇలాంటిదే కదా!

రెండేళ్ళ కిందటి మాట. బెంగళూరులో ఉండే మా కూతురు తన కొడుకును సెలవులకు మా దగ్గర దిగవిడిచి వెళ్ళింది. వాడికి అప్పటికి పదకొండేళ్ళు. వాడి సంచిలో బట్టలతో పాటు ఒక చేతి వీడియో గేమ్ కూడా వచ్చింది. అంతకు ముందు ఏడు వరకు వాడు రాగానే మా అమ్మ దగ్గర చేరేవాడు. ఆమెను పెద్దవ్వా అని పిలిచేవాడు. ఆమెకు ఎనభై ఎనిమిదేళ్ళు. ధాత కరువులో, అంటే 1876-78 నాటి ఆ మహా కరువులో, మా పెద్దలు బండి కట్టుకొని ఊరు విడిచి ఈ తావుకు ఎట్లా వచ్చారో ఆమె రోజుకు కొంచెంగా చెప్పేది. వాడు ఊఁ కొట్టేవాడు.

ఆ ఏడు కూడా ఆమె కత మొదలుపెట్టింది. వాడు కూడా ఊఁ కొట్టాడు. కాని వాడి కళ్ళు ఆ తెరమీద, వేళ్ళు ఆ మీటలమీద. మూడో రోజు ఆమె మధ్యలో ఆపేసి, "వాడు ఊఁ అంటాడు గాని వినడంలేదు రా" అని నాతో అని, దుప్పటి కప్పుకొని పడుకుంది. ఆ తరువాత ఆమె మళ్ళీ చెప్పలేదు. ఆ ఏడు కార్తీకంలో ఆమె కాలం చేసింది.

ఈ మధ్య మా కూతురు ఫోన్ చేసి, "నాయనా, చిన్నది కూడా తనకొక వీడియో గేమ్ కావాలని పోరు పెడుతోంది. నువ్వే చెప్పు, కొనేదా, వద్దా?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కోపంతో వద్దు అనేయడం తేలిక. కాని ఏ వస్తువు సంగతి అయినా తెలుసుకోకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు కదా. అందుకని తెలిసినవారిని అడిగి, చదివి, కొంత నేనే ఆడి చూసి తెలుసుకున్నది మీకు విన్నవిస్తాను.

ముందుగా ఈ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు. క్యాసెట్లు మార్చుకుంటూ రకరకాల ఆటలు ఆడుకొనే చేతి యంత్రం మొదట 1979లో అమెరికాలో వచ్చింది. దాని పేరు మైక్రోవిజన్. ఆ మరుసటి ఏడు, 1980లో, జపాన్‌లోని నింటెండో కంపెనీ గేమ్ అండ్ వాచ్ అనే చిన్న ఆటబిళ్ళను తెచ్చింది. నింటెండో 1889లో క్యోటో నగరంలో పేకముక్కలు తయారు చేయడానికి మొదలైన కంపెనీ. గేమ్ అండ్ వాచ్‌ను రూపొందించినవాడు గుంపేయి యొకోయి అనే ఇంజనీరు. రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక లెక్కల యంత్రం మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం చూసి ఆయనకు ఈ ఆలోచన తట్టిందని చెబుతారు.

1989 ఏప్రిల్‌లో అదే కంపెనీ గేమ్ బాయ్‌ని విడుదల చేసింది. నాలుగు ఛాయల తెర, నాలుగు పెన్సిల్ సెల్లు. రంగులు లేవు, చీకట్లో కనబడదు. అదే రోజుల్లో పోటీ కంపెనీలు రంగురంగుల తెరలతో, లోపల దీపంతో ఇలాంటి యంత్రాలు తెచ్చాయి. కాని వాటికి ఆరేసి సెల్లు కావాలి. అవి నాలుగైదు గంటల్లో ఖాళీ. గేమ్ బాయ్ నాలుగు సెల్లతోనే పది గంటలకు పైగా నడిచేది, ధర కూడా తక్కువ. చివరికి నెగ్గింది రంగుల్లేని గేమ్ బాయే. దాని తరువాత వచ్చిన రంగుల గేమ్ బాయ్‌తో కలిపి ప్రపంచమంతటా సుమారు 11 కోట్ల 80 లక్షలు అమ్ముడయ్యాయి. పాతబడి చవకైన పరిజ్ఞానాన్నే కొత్త పద్ధతిలో వాడుకోవాలన్నది యొకోయి సిద్ధాంతం. కొనేవాళ్ళం మనం కూడా గుర్తుపెట్టుకోవలసిన మాట ఇది. మెరుపు ఎక్కువ ఉన్నదల్లా మేలైనది కాదు.

గేమ్ బాయ్‌తో పాటు ఇల్లిల్లూ చేరిన ఆట టెట్రిస్. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన 1984లో దాన్ని తయారు చేశాడు. పైనుంచి రకరకాల ఆకారాల దిమ్మెలు పడుతుంటాయి. వాటిని తిప్పి, సందు లేకుండా వరస పేర్చాలి. వరస నిండితే మాయమవుతుంది. 1993లో రష్యా వ్యోమగామి అలెగ్జాండర్ సెరెబ్రోవ్ గేమ్ బాయ్‌ని, ఈ ఆటను మీర్ అంతరిక్ష కేంద్రానికి కూడా తీసుకుపోయాడు. మన తిరునాళ్ళలో, జాతరల్లో, బస్టాండు అంగళ్ళలో 'బ్రిక్ గేమ్' అని అమ్మిన చవక యంత్రాలు మీకు గుర్తుండే ఉంటాయి. పెట్టెమీద 9999 ఆటలని రాసి ఉండేది. లోపల ఉండేవి ఈ దిమ్మెల ఆట, ఇంకా దానిలాంటి కొన్ని ఆటలు మాత్రమే. మిగిలిన వేలన్నీ వేగం మార్చి వేసిన లెక్కలే!

ఆ తరువాత 2004లో రెండు తెరల నింటెండో డీఎస్, సోనీ కంపెనీ పీఎస్‌పీ వచ్చాయి. 2017లో ఇంట్లో టీవీకి తగిలించుకొని, బయట చేతిలో పట్టుకొని ఆడగల స్విచ్ వచ్చింది. 2022లో కంప్యూటరు ఆటలనే చేతిలో ఆడించే స్టీమ్ డెక్, 2025 జూన్‌లో స్విచ్ రెండో రకం వచ్చాయి. ఈనాడు ఫోన్‌లోనే ఆటలున్నా వీటిని కొనేవారు తగ్గలేదు.

ఇక లాభాల సంగతి చూద్దాం.

మొదటిది, ఇది ఫోన్ కాదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని చిన్నది కాదు. పిల్లవాడి చేతికి ఫోన్ ఇస్తే ఆట ఒక్కటే రాదు. దాని వెంట ప్రకటనలు, వీడియోలు, ముక్కూమొహం తెలియనివాళ్ళ సందేశాలు, డబ్బు కట్టి ఆడే ఆటలు అన్నీ వస్తాయి. డబ్బు ఆటలవల్ల కుటుంబాలు అప్పులపాలు కావడం చూసే కదా, 2025 ఆగస్టులో మన పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. క్యాసెట్ వేసి ఆడే చేతి యంత్రంలో ఆ బెడద తక్కువ. ఇంటర్‌నెట్ తగిలించకపోతే అసలే ఉండదు. ఒకసారి డబ్బిచ్చి ఆట కొంటారు, ఆడుకుంటారు, అంతే.

రెండవది, ఇలాంటి ఆటలు బుద్ధికి కొంత పదును పెడతాయి. చురుకైన వీడియో ఆటలు ఆడేవారి చూపులో ఏకాగ్రత, ఒకేసారి పలు వస్తువులను గమనించే శక్తి మెరుగుగా ఉంటాయని అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో ప్రకటించారు. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి కెమెరాతో శస్త్రచికిత్స చేసే వైద్యులను 33 మందిని పరీక్షించి, ఒకప్పుడు వారానికి మూడు గంటలకు పైగా వీడియో ఆటలు ఆడినవారు శిక్షణ పరీక్షలో 37 శాతం తక్కువ తప్పులు చేశారని 2007లో మరొక పరిశోధన చెప్పింది. అయితే ఆటలాడితే డాక్టరు అవుతారని దీనికి అర్థం కాదండోయ్! చేతి నేర్పు ముందే ఉన్నవారు ఆటలకు ఇష్టపడి ఉండవచ్చు. పైగా అది వారానికి మూడు గంటల లెక్క, రోజుకు ఆరు గంటలది కాదు.

మూడవది, కష్టకాలంలో ఇది మంచి తోడు. కాలు విరిగి మంచంమీద ఉన్న పిల్లవాడికి, ఆసుపత్రిలో నెలల తరబడి వైద్యం చేయించుకొనే బిడ్డకు, బరంపురం నుంచి సూరత్ దాకా రైల్లో పోయే కుటుంబానికి ఇది ఎంత ఊరటో అనుభవించినవారికే తెలుసు.

నాలుగవది, కొన్ని యంత్రాల్లో ఇద్దరు కలిసి ఆడవచ్చు. 2017 నాటి స్విచ్‌కు రెండు పక్కలా మీటల ముక్కలు ఊడి వస్తాయి. చెరొకటి పట్టుకొని అన్నాచెల్లెళ్ళు ఒకే తెరమీద ఆడుకోవచ్చు. ఆట ముగించి పక్కన పెట్టినప్పుడు ఎక్కడ ఆపామో అక్కడి నుంచే మళ్ళీ మొదలవుతుంది. అన్నకు పాతబడితే తమ్ముడికి పనికివస్తుంది.

మరి నష్టాలో? అవి కూడా తక్కువేమీ కాదు.

మొదట డబ్బు. బ్రిక్ గేమ్ వందల్లో దొరుకుతుంది గాని పేరున్న యంత్రాలు వేలల్లోనే. యంత్రం కొనడంతో ఖర్చు తీరదు. ఒక్కొక్క ఆట మళ్ళీ వేలల్లో ఉంటుంది. ఇంత పెట్టి కొని, చార్జరు దగ్గర మాత్రం చవకరకం వెతుకుతాం. ఏనుగును అమ్మి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లు! అలాంటి చార్జరు బ్యాటరీకి, ఒక్కొక్కప్పుడు ఇంటికే ముప్పు. బ్యాటరీ ఉబ్బినట్లు కనిపిస్తే వెంటనే వాడకం మానాలి. చెడిపోతే బాగుచేసేవారు మన చిన్న ఊళ్ళల్లో దొరకడం కష్టం. బిల్లు, వారంటీ కాగితం లేకుండా కొన్నారంటే ఇక దిక్కులేదు.

ఇంకొక సంగతి. ఈనాడు చాలా ఆటలు క్యాసెట్‌గా కాక ఇంటర్‌నెట్‌లోనే కొనవలసి వస్తోంది. అలా నడిచే దుకాణం ఎల్లకాలం ఉంటుందన్న భరోసా లేదు. నింటెండో తన త్రీడీఎస్ యంత్రానికి నడిపిన అలాంటి దుకాణంలో కొత్త కొనుగోళ్ళు 2023 మార్చి 27తో నిలిచిపోయాయి. క్యాసెట్ అయితే మీ అలమారలో ఉంటుంది. మరొకరికి ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు.

రెండవది ఆరోగ్యం. చిన్న తెరను ముఖానికి దగ్గరగా పట్టుకొని రెప్ప వేయకుండా చూస్తే కళ్ళు ఎండిపోతాయి, మంట పుడతాయి. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకండ్లు చూడమంటారు కంటి వైద్యులు. పిల్లలు రోజుకు రెండు గంటలైనా ఆరుబయట వెలుతురులో గడిపితే, దూరపు వస్తువులు ఆనకపోవడమనే దృష్టిదోషం వచ్చే అవకాశం తగ్గుతుందని కూడా చెబుతున్నారు. బొటనవేళ్ళకు, మణికట్టుకు నొప్పి సరేసరి. 1990లోనే ఒక వైద్య పత్రికలో ఈ నొప్పికి వేళాకోళంగా 'నింటెండినైటిస్' అని పేరు పెట్టారు.

మూర్ఛ ఉన్న కొందరికి తెరమీద వేగంగా మెరిసే వెలుగులు పడవు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో టీవీలో వచ్చిన ఒక బొమ్మల సినిమాలో మెరుపులు చూసి 600 మందికి పైగా, అందులో ఎక్కువగా పిల్లలు, ఆసుపత్రి పాలయ్యారు. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే డాక్టరును అడగనిదే ఇలాంటి యంత్రం కొనవద్దు. చవక ఆటబొమ్మల్లో, గడియారాల్లో వేసే గుండ్రని బిళ్ళ సెల్లు పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నం దిగే గొట్టం లోపల కాలిపోవచ్చు. మూతకు మర ఉందో లేదో చూసి కొనండి. మింగినట్లు అనుమానం వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి పరుగెత్తండి.

మూడవది అలవాటు వ్యసనం కావడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని తన వ్యాధుల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఎక్కువసేపు ఆడిన ప్రతి పిల్లవాడికీ జబ్బు ఉన్నట్లు కాదు. ఆటమీద అదుపు తప్పడం, చదువు, తిండి, నిద్ర, స్నేహాలు అన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, చెరుపు జరుగుతున్నా మానలేకపోవడం, ఇవన్నీ ఇంచుమించు ఏడాదిపాటు కనిపిస్తే అప్పుడు దానిని జబ్బుగా లెక్కిస్తారు. అంతవరకు రాకముందే కనిపెట్టవలసినవాళ్ళం మనమే.

నాలుగవ నష్టం ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. అది మనలాంటి సరిహద్దు తెలుగువాళ్ళ ఇళ్ళకే ప్రత్యేకమైన నష్టం.

మన పిల్లల్లో చాలామందికి బడిలో తెలుగు లేదు. తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒడియావో, ఇంగ్లీషో ఉంది. మరి వాళ్ళకు తెలుగు ఎక్కడినుంచి వస్తోంది? వంటింట్లో అమ్మ మాటలనుంచి, పడసాలలో అవ్వ కతలనుంచి, భోజనాల దగ్గర మనం పోట్లాడుకొనే మాటలనుంచి వస్తోంది. అంటే, పొద్దు గూకిన తరువాత రెండు గంటలే మన తెలుగు బడి. చేతి వీడియో గేమ్ సరిగ్గా ఆ రెండు గంటలనే అడుగుతుంది. అందులో కనిపించే అక్షరాలు ఇంగ్లీషువో, జపాను భాషవో గాని తెలుగువి కావు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న పిల్లవాడు ఆ రెండు గంటలు పోగొట్టుకున్నా, వీధిలో, బజారులో, అంగడి బోర్డుమీద తెలుగు ఉంటుంది. మన పిల్లవాడికి అదే ఆఖరు తావు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మా అమ్మ కత ఆపేసిన రాత్రి తప్పంతా ఆ పెట్టెదేనని చాలా రోజులు అనుకున్నాను. కాని ఆ రాత్రి నేనెక్కడున్నాను? అదే పడసాలలో, దీపం కింద, పేపరు చదువుకుంటున్నాను. "వాడు వినకపోతే నాకు చెప్పమ్మా, నేను వింటాను" అని ఒక్క మాట అనలేదు. చిన్నప్పుడు విన్న కతే కదా అనుకున్నాను. ఈ రోజు ఆ బండి ఏ ఊరినుంచి బయలుదేరిందో, దారిలో ఎవరి ఇంట అంబలి పోశారో ఆ పేర్లు నాకు గుర్తులేవు. చెప్పేవాళ్ళు లేరు.

అమ్మ పోయిన తరువాత వచ్చిన సెలవుల్లో మనవడు మళ్ళీ వచ్చాడు, ఆ పెట్టెతోనే. ఈసారి నేను తిట్టలేదు, లాక్కోలేదు. పక్కన కూర్చొని, "నాకూ నేర్పించరా" అన్నాను. వాడు వింతగా చూసి, దిమ్మెల ఆట పెట్టి నేర్పడం మొదలుపెట్టాడు. నాకు ఇంగ్లీషు మాటలు అర్థం కావని వాడికి తెలుసు. కాబట్టి తెలుగులోనే చెప్పాలి. "తాతా, దాన్ని తిప్పు... అట్ల గాదు, నిలువుగా... ఆ సందులో వేయి... వరస నిండింది చూడు!" మాట తెలియనిచోట ఆగి, నన్నడిగి తెలుసుకున్నాడు. ఆ గంటలో వాడు నాతో మాట్లాడిన తెలుగు అంతకు ముందు ఏడు నెలరోజుల్లో మాట్లాడి ఉండడు.

దానికి బదులుగా నేను వాడికి పులిజూదం నేర్పాను. బండమీద సుద్దతో గీతలు గీసి, చింతపిక్కలు మేకలు, గులకరాళ్ళు పులులు. తమిళంవాళ్ళు ఆడు పులి ఆట్టం అనేది ఇదే. మూడు రోజులు నేను గెలిచాను. నాలుగో రోజు వాడి మేకలు నా పులులను కట్టేశాయి. దిమ్మెల ఆటలో మాత్రం నేను ఈనాటికీ ఓడిపోతూనే ఉన్నాను. ఇంతకూ నాకర్థమైనది ఏమిటంటే, పెట్టె ఒకరి చేతిలో ఉంటే గోడ, ఇద్దరి నడుమ ఉంటే వాకిలి.

కాబట్టి, కొనదలచుకున్నవారికి కొన్ని మాటలు.

కొంటే పెద్దవాళ్ళు కూడా చూసి, కూడా ఆడి కొనండి. ఆట పెట్టెమీద ఏ వయసువారికని రాసి ఉంటుందో చదవండి. బిడ్డకొకటి చొప్పున కాక, ఇంటికి ఒకటే కొనండి. ఇద్దరు ఆడగలిగినదైతే మరీ మేలు. చార్జింగు పెట్టే తావు నడవలో ఉండాలి, పడకగదిలో కాదు. అన్నం పళ్ళెం దగ్గరికి, పడక దగ్గరికి అది రాకూడదు. పగటి వెలుతురు ఉన్నంతసేపు బయటి ఆట, తరువాతే లోపలి ఆట. ఒక క్యాసెట్ పూర్తయితేనే మరొకటి. వేళ ముగియగానే లాక్కోకుండా, "ఈ ఆట అయినాక ఆపు" అని ముందుగా హెచ్చరించండి. సగంలో ఆపమంటే మనకైనా కోపం వస్తుంది కదా. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంట్లో పెద్దవారు నోరు తెరిచి ఏదైనా చెబుతున్నప్పుడు ఆ పెట్టె మూతపడాలి. మన ఫోన్లు, పేపర్లు కూడా మూతపడాలి. ఈ నియమం పిల్లలకు మాత్రమే పెడితే చెల్లదు.

ఇవి పాటించే ఓపిక లేదనుకుంటే, మొహమాటం లేకుండా వద్దనండి. దానివల్ల పిల్లవాడికి పోయేదేమీ లేదు. పొరుగింట్లో ఉంది కాబట్టి కొనవలసిన వస్తువు కాదు ఇది.

మా కూతురికి ఇదే జవాబు చెప్పాను. "చిన్నదానికి వేరుగా కొనవద్దమ్మా. ఉన్న పెట్టెనే ఇద్దరూ పంచుకోనీ. దాన్ని పిల్లవాడిదిగా కాక ఇంటిదిగా చూసుకో. ఈ సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెతో పాటు ఒక నోటుపుస్తకం కూడా పంపించు" అన్నాను. నాకు గుర్తున్నంతవరకు ఆ కరువునాటి కతను రాత్రిపూట చెబుతాను, పిల్లలు రాసుకుంటారు. పోయిన పేర్లు పోయాయి. మిగిలినవైనా మిగలాలి.

మీ ఇంట్లో కూడా అలాంటి కత చెప్పగల పెద్దవారు ఒకరు ఉండే ఉంటారు. ఈ ప్రసంగం ముగియగానే రేడియో కట్టేసి, వారి పక్కన కాసేపు కూర్చోండి.